78 మెగాహెర్ట్‌జ్ దగ్గరి గుంట

2018 ఫిబ్రవరి నెలాఖరున ‘నేచర్’ పత్రికలో ఒక గీత అచ్చయింది. రేడియో వర్ణపటంలో సరిగ్గా 78 మెగాహెర్ట్‌జ్ దగ్గర అది గుంటలా కిందికి దిగింది. విశ్వం పుట్టిన 18 కోట్ల ఏళ్ళకే వెలిగిన తొలి నక్షత్రాల ఆనవాలు ఇదని జడ్ బౌమన్ బృందం ప్రకటించింది. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎఫ్ఎం స్టేషన్ల రొద చేరని మర్చిసన్ ప్రాంతంలో వాళ్ళు పెట్టిన చిన్న యాంటెన్నా పేరు ఎడ్జెస్.

మొదటి ఆధారం వాళ్ళ వైపే ఉంది. హైడ్రోజన్ పరమాణువు పీల్చుకునే రేడియో తరంగం పొడవు 21 సెంటీమీటర్లు, అంటే 1420 మెగాహెర్ట్‌జ్. తొలి నక్షత్రాల అతినీలలోహిత కాంతి సోకాక, చల్లటి హైడ్రోజన్ విశ్వ నేపథ్య వికిరణంలోంచి ఆ తరంగాన్ని పీల్చుకుంటుంది. విశ్వం వ్యాకోచిస్తూ ఆ తరంగాన్ని 18 రెట్లు సాగదీస్తే అది మనకు చేరేది 78 దగ్గరే. లెక్క కుదిరింది.

కుదరనిది లోతు. సిద్ధాంతం ఒప్పుకునే గరిష్ఠం సుమారు 0.2 కెల్విన్ కాగా, కనిపించింది 0.5. ఆనాటి వాయువు అనుకున్నదానికంటే బాగా చల్లగా ఉంటేనో, నేపథ్య వికిరణం ఇంకా ఎక్కువగా ఉంటేనో తప్ప అంత లోతు రాదు. కృష్ణ పదార్థం తాకి వాయువును చల్లార్చిందని రెనన్ బర్కానా ప్రతిపాదించారు. అదే నిజమైతే ఎంత పెద్ద సంగతి! కానీ గుంట ఆకారమూ అనుమానంగానే ఉంది. అడుగు చదునుగా ఉంది. మామూలు నమూనాల్లో అలా రాదు.

పైగా మన పాలపుంత రేడియో రొద ఆ సంకేతానికి వేల రెట్లు. దాన్ని ఎలా తీసేశారన్నదే అసలు ప్రశ్న. కేంబ్రిడ్జ్‌లో రిచర్డ్ హిల్స్ బృందం అదే డేటాను మళ్ళీ తిరగేసింది. రొదను తీసేయడానికి వాడిన లెక్క అయనోవరణానికి అసాధ్యమైన గుణాలను అంటగడుతోందని తేల్చింది. 2019లో రిచర్డ్ బ్రాడ్లీ బృందం చూపు నేల మీదికి మళ్ళింది. యాంటెన్నా కింద పరిచిన లోహం, దాని అడుగున ఉన్న మట్టి కలిసి అలాంటి గుంటనే పుట్టించగలవని చూపింది.

నేలే అనుమానితం అయినప్పుడు నేలను వదిలేయాలి. బెంగళూరు రామన్ పరిశోధన సంస్థ చేసింది అదే. అంతకుముందు వాళ్ళ రేడియో యాంటెన్నా సరస్ 2 అనంతపురం జిల్లా టింబక్టు కలెక్టివ్ ఆవరణలో ఆకాశాన్ని విన్నది కానీ, దాని పరిధి 110 మెగాహెర్ట్‌జ్ పైన. 2020 మొదట్లో సరస్ 3ను కర్ణాటకలోని దండిగానహళ్ళి చెరువులో, శరావతి జలాశయం నీళ్ళలో తెప్ప మీద తేల్చారు. పొరలుపొరలుగా ఉండే మట్టిలా కాకుండా నీరు అంతటా ఒకే తీరుగా ఉంటుంది. ఏది ఎంత ప్రతిఫలిస్తుందో కచ్చితంగా లెక్కగట్టవచ్చు. ఈ ఆలోచనకు నేను నిజంగా ముగ్ధుణ్ణయ్యాను.

సౌరభ్ సింగ్, రవి సుబ్రహ్మణ్యన్ తదితరుల ఫలితం 2022లో వచ్చింది. ఎడ్జెస్ చూపిన గుంట వాళ్ళ డేటాలో లేదు. అది ఆకాశం నుంచి వచ్చిందన్న వాదాన్ని 95.3 శాతం విశ్వాసంతో తోసిపుచ్చారు.

ఆ గుంట ఎక్కడ పుట్టిందో సరస్ చెప్పలేదు. అయినా 0.5 కెల్విన్ లోతును నమ్మి కృష్ణ పదార్థానికి కొత్త గుణాలు కట్టబెట్టడం ఇక తగదని నా అభిప్రాయం. తొలి నక్షత్రాల అసలు సంకేతం ఇంకా దొరకలేదు. దాని కోసం దక్షిణాఫ్రికాలో రీచ్ యాంటెన్నా వెతుకుతోంది. భూమి రొద తాకని చంద్రుడి అవతలి వైపు నుంచి వినేందుకు రామన్ సంస్థ ‘ప్రతుష్’ అనే పరికరాన్ని రూపొందిస్తోంది.