బళ్లారి రాఘవ: షేక్‌స్పియర్ నటుడి జాడలు

అనంతపురం 1882లో బళ్లారి నుంచి విడివడి ప్రత్యేక జిల్లాగా ఏర్పడినా, వానకు ముఖం వాచిన ఆ పీఠభూమిలో నాటకరంగానికి బళ్లారి పట్టణమే కేంద్రంగా నిలిచింది. ధర్మవరంలో 1853లో జన్మించిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్లారిలో సరస వినోదినీ సభను, ఆయనకు దీటైన కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభను నడిపారు. వారిద్దరూ వకీళ్లే. సభ అంటే టిక్కెట్ల రాబడి మీద బతికే కంపెనీ కాదు. తమ తమ వృత్తులు సాగిస్తూనే తీరిక వేళల్లో నాటకమాడే ఔత్సాహికుల సమాజం. మంగళాంతమే నియమంగా ఉన్న సంస్కృత నాటక మర్యాదను కాదని, రామకృష్ణమాచార్యులు ‘విషాద సారంగధర’తో తెలుగులో విషాదాంత నాటకానికి దారి తీశారు.

తాడిపత్రిలో 1880లో జన్మించిన ఆయన మేనల్లుడు రాఘవాచార్యులే ‘బళ్లారి రాఘవ’గా ప్రసిద్ధులయ్యారు. ఆయన న్యాయవాద వృత్తిలో ఉంటూనే షైలాక్, ఒథెల్లో, హామ్లెట్ పాత్రలను ధరించారు, ‘రామరాజు చరిత్ర’లో పఠాన్ రుస్తుంగా పేరు తెచ్చుకున్నారు, 1920ల చివర ఇంగ్లండు వెళ్లి అక్కడి నాటకరంగాన్ని చూసి, నాటకకర్త బెర్నార్డ్ షాను కలుసుకున్నారు. ఆ భేటీలో షా పలికినట్లు ప్రచారంలో ఉన్న మెప్పు మాటలను చరిత్రగా స్వీకరించాలంటే, ఆనాటి ఉత్తరమో దినచర్య పుటో సాక్ష్యం పలకాలి.

కాగితాలే కాక, నటులు వాడిన వస్తువులూ సాక్ష్యం పలుకుతాయి. ఇంగ్లండులో వాటిని భద్రపరిచే ఆనవాయితీకి నటి ఎలెన్ టెరీ ఇల్లు మంచి ఉదాహరణ. ఆమె 1928లో కన్నుమూయగా, కెంట్ ప్రాంతంలోని ఆ ఇంటిని కుమార్తె మరుసటి ఏడాదే స్మారక ప్రదర్శనశాలగా మలిచింది. 1888లో లేడీ మాక్బెత్‌గా ఆమె ధరించిన, బంగారు పురుగుల రెక్కలు పొదిగి కుట్టిన ఆకుపచ్చ దుస్తులు నేటికీ అక్కడున్నాయి. వేదిక మీద దీపాల వెలుగును ఆ రెక్కలు ఎలా పట్టి మెరిసేవో ఆ దుస్తులను చూసి ఊహించవచ్చు గాని, ఆమె గొంతు పలికిన తీరును వాటి నుంచి రాబట్టలేము.

రాఘవ విషయంలో ఈ పరిమితి మరింత స్పష్టమవుతుంది. పద్యాన్ని రాగాలాపనతో సాగదీసి ‘వన్స్ మోర్’ అనిపించుకునే అలవాటును నిరసించి, భావానికి తగిన మాట విరుపునే ఆయన నమ్ముకున్నారు. కనుక అచ్చయిన నాటకంలో పద్యాలన్నీ ఉన్నా, ఆయన ఎక్కడ గొంతు తగ్గించారో, ఎక్కడ మౌనం వహించారో ఆ పుస్తకం చెప్పదు. పురుషులే స్త్రీ పాత్రలు ధరించే రోజుల్లో ఆయన స్త్రీలను వేదిక ఎక్కించారు కాబట్టి, ఒక కరపత్రంలో నాయిక పాత్ర ఎదుట కొమ్మూరి పద్మావతీదేవి వంటి నటి పేరు కనబడితే, సాధారణంగా తేదీకి, వేదికకు మాత్రమే సాక్ష్యమిచ్చే ఆ కాగితం సంఘంలో వచ్చిన మార్పుకు కూడా ఆధారమవుతుంది. రాఘవ 1946లో మరణించారు. 1981లో తపాలా శాఖ ఆయన పేరిట బిళ్ల విడుదల చేసింది. బిళ్ల కీర్తిని గుర్తుచేస్తుంది. నటనను అంచనా వేయడానికి మాత్రం కరపత్రాన్ని, నాటక ప్రతిని, సమకాలికుల సమీక్షను పక్కపక్కన పెట్టి చదవక తప్పదు.