వేడిని మ్రింగెడు నీరు

ఎసరు మరగునప్పుడు ఎంత మంట పెట్టినను దాని వేడి పెరుగదు. మంటయంతయు నీటిని ఆవిరి చేయుటకే వ్యయమగును. 1822లో ఫ్రెంచి విద్వాంసుడు కాన్యార్ ద లాతూర్ మూసిన పాత్రలో ద్రవమును కాచి, ద్రవమునకును ఆవిరికిని నడుమనున్న హద్దు మాసిపోవుట కనుగొనెను. 1869లో బెల్ఫాస్టు నగరపు ఆండ్రూస్ బొగ్గుపులుసు వాయువునందు ఆ సందిగ్ధ స్థానమును నిర్ణయించెను. నీటికది 374 డిగ్రీల వేడి, గాలి యొత్తిడికి 218 రెట్ల యొత్తిడి.

ఆ స్థానము చేరువను అణువులు గుంపులు గూడుచు విడిపోవుచు నుండును. అందుచే ఒక్క డిగ్రీ పెరుగుటకే అపారమైన వేడి కావలెను. పరిమాణము మారనీయక కాచినచో ఈ యాకలికి మితి గలదని పూర్వ సిద్ధాంతము. 1962లో సోవియట్ దేశమున వొరొనెల్ బృందము ఆర్గాన్ వాయువును కొలిచి, అట్టి మితి కానరాదని చూపెను. సిద్ధాంతమే మారవలసి వచ్చెను.

ఇది మనకు దూరపు ముచ్చట కాదు. గుణదలలోని విద్యుత్ సౌధ పాలించు ఇబ్రహీంపట్నపు కేంద్రమున 1979లో మొదటి యంత్రము తిరిగెను. 2023లో వచ్చిన 800 మెగావాట్ల యెనిమిదవ యంత్రమున నీరు ఆ యొత్తిడికి మించి కాగును, మరుగకయే ఆవిరివంటిదగును. అచ్చట నీటి యాకలి లెక్క తప్పినచో గొట్టములు చెడును. కుదిరినచో తక్కువ బొగ్గుతో ఎక్కువ విద్యుత్తు లభించును.