పోదనూరు నుంచి చూస్తే మన కోయంబత్తూరు ఓటు

తెలుగువాళ్ళంతా ఒకే పక్క ఓటేస్తారని బయట అనుకుంటారు. కోయంబత్తూరు పార్లమెంటు సీటు చరిత్ర చూస్తే ఆ మాట నిలవదు.

తొలి ఎన్నికల్లో ఇక్కడ పోటీయే లేదు. కాంగ్రెసు టి.ఎ. రామలింగం చెట్టియార్ ఏకగ్రీవంగా గెలిచారు. 1957లో కమ్యూనిస్టు పార్వతీ కృష్ణన్, 1962లో కాంగ్రెసు పి.ఆర్. రామకృష్ణన్, 1967లో మార్క్సిస్టు కె. రమణి. 1971లో గెలిచిన సి.పి.ఐ. బాలదండాయుధం 1973 విమాన ప్రమాదంలో పోయారు. 1974 ఉప ఎన్నికలో పార్వతీ కృష్ణన్ మళ్ళీ వచ్చారు.

ఎర్రజెండా ఇంత నిలవడానికి పెద్ద కారణం మిల్లులు. మిల్లులు పెట్టినవాళ్ళలో మన నాయుళ్ళు చాలామంది. ఆ మిల్లుల్లో షిఫ్టుకు వెళ్ళినవాళ్ళలో, ఊరి వీధులు ఊడ్చినవాళ్ళలో కూడా ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు ఉన్నారు. భాష ఒకటే, కూలి దగ్గర దారులు వేరు.

1998 ఫిబ్రవరి బాంబు పేలుళ్ళ తర్వాత బీజేపీ సి.పి. రాధాకృష్ణన్ గెలిచారు, 1999లోనూ ఆయనే. 2004లో సి.పి.ఐ., 2009, 2019లలో సి.పి.ఎం., నడుమ 2014లో అన్నాడీఎంకే, 2024లో డీఎంకే.

ఇప్పుడు మా పోదనూరు ఓటు కినత్తుకడవు అసెంబ్లీ కింద, పొల్లాచ్చి పార్లమెంటు సీటులో పడుతుంది. ఇల్లు కోయంబత్తూరులో, ఎంపీ పొల్లాచ్చికి!

మన కుటుంబ చరిత్రల్లో మిల్లు పెట్టినవాళ్ళ పేర్లే ఉంటాయి. మీ ఇంటి పెద్దలు ఏ మిల్లులో, ఏ యూనియన్‌లో ఉన్నారో వాళ్ళు ఉండగానే అడిగి రాసిపెట్టండి.