బందరు జాతీయ కళాశాల మేష్టర్లు ఏం చదివారు?

మొన్న శనివారం షాంటిలీలో మా ఇంటికి ఒక కుర్రాడు భోజనానికొచ్చాడు. హైదరాబాదులో మూడేళ్ళ బి.ఎస్సీ. చదివి, ఏడేళ్ళుగా జావా రాస్తున్నాడు. వాడి సర్టిఫికెట్లు లాయరు ఆఫీసు నుంచి ఎవాల్యుయేషన్‌కి వెళ్ళాయిట. మన మూడేళ్ళ డిగ్రీ ఇక్కడి నాలుగేళ్ళ డిగ్రీకి సరితూగదు కదా. హెచ్-1బి వరకూ ఒక వెసులుబాటుంది: మూడేళ్ళ అనుభవం ఒక ఏడాది కాలేజీ చదువుకి సమానం. "అన్నా, నాకొచ్చిన పనంతా ఉద్యోగంలో నేర్చుకున్నదే. మరి వీళ్ళు తిప్పి తిప్పి ఆ డిగ్రీ కాయితమే ఎందుకు చూస్తారు?" అన్నాడు పప్పులో నెయ్యి వేసుకుంటూ.

ఒకప్పుడు నా కాయితాలు కూడా అదే తూకంలో పడ్డాయి. ఏం చెప్పాలో తోచక, వాడికి మా బందరు కబుర్లు మొదలెట్టాను. (మా ఆవిడ "అయిపోయాడు పాపం" అన్నట్టు చూసింది.)

బందర్లో పేరున్న కాలేజీ అంటే ముందు నోబుల్ కాలేజీ. కేంబ్రిడ్జిలో చదివిన రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ 1843లో పెట్టిన స్కూలు అది. అప్పట్నుంచీ చదువంటే ఇంగ్లీషు చదువు, డిగ్రీ అంటే మద్రాసు యూనివర్సిటీ డిగ్రీ. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చేదాకా కోస్తా జిల్లాల వాళ్ళు పట్టా కోసం మద్రాసు వైపు చూడాల్సిందే. పట్టా చేతికొస్తే గుమాస్తా, ప్లీడరు, మేష్టరు, అదృష్టం బావుంటే డిప్యూటీ కలెక్టరు.

1907 ఏప్రిల్లో బిపిన్ చంద్రపాల్ మన వైపు వచ్చి విశాఖపట్నం నుంచి బందరు దాకా ఉపన్యాసాలిచ్చాడు. రాజమండ్రిలో వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్న విద్యార్థుల మీద ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ కన్నెర్ర చేశాడు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు చదువు పోయింది. అంతకి ముందు ఏడాదే కలకత్తాలో బెంగాల్ నేషనల్ కాలేజీ పెట్టి, కేంబ్రిడ్జిలో చదివొచ్చిన అరవిందుణ్ణి ప్రిన్సిపాల్ని చేశారు. సర్కారు గుర్తింపు అక్కర్లేని చదువు మనకీ ఉండాలని బందర్లో ముగ్గురు మిత్రులు అనుకున్నారు. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల తెరిచారు.

ఆ ముగ్గుర్లో కృష్ణాపత్రిక సంపాదకుడు ముట్నూరి కృష్ణారావు ఒకరు. భోగరాజు పట్టాభి సీతారామయ్య ఇంకొకరు. ఆయన మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో బి.ఏ., ఆ పైన వైద్యంలో ఎం.బి.సి.ఎం. చేసి బందర్లో ప్రాక్టీసు పెట్టిన డాక్టరు. (1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టిందీ ఈయనే. 2020లో అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.) మూడో ఆయన కోపల్లె హనుమంతరావు. ఎం.ఏ., బి.ఎల్. కళాశాలకి ప్రాణం ఆయనే. ఇక వకీలు పని చెయ్యనని తన సన్నదు చింపేశాడని బందరు వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. మిగిలిన జీవితమంతా ఆ కళాశాలకే ఖర్చుపెట్టి 1922లో, ఇంకా నడివయసులోనే, పోయాడు.

ఇక అక్కడ పాఠాలు చెప్పినవాళ్ళలో పింగళి వెంకయ్య రెజ్యుమె చూడండి. ఇవాళ ఏ కన్సల్టెన్సీ కైనా పంపితే, ఇన్ని గెంతులేమిటని వెంటనే తిప్పి పంపేస్తారు. బందరు దగ్గర భట్లపెనుమర్రులో పుట్టాడు. సైన్యంలో చేరి బోయర్ యుద్ధానికి దక్షిణాఫ్రికా వెళ్ళాడు. తిరిగొచ్చి రైల్వే గార్డు పని, ప్లేగు ఇన్‌స్పెక్టరు పని చేశాడంటారు. లాహోరు వెళ్ళి సంస్కృతం, ఉర్దూ, జపనీసు చదివాడు. 1913లో బాపట్లలో జపనీసులో ఉపన్యాసమిచ్చి జపాన్ వెంకయ్య అయ్యాడు. కంబోడియా పత్తి మీద పరిశోధన చేసి పత్తి వెంకయ్య అయ్యాడు. ఇలాంటాయన 1911లో కళాశాలలో చేరి వ్యవసాయం, చరిత్ర చెప్పాడు, పిల్లలకి గుర్రపుస్వారీ, డ్రిల్లు నేర్పాడు అని చెబుతారు. (అన్నట్టు, కేంబ్రిడ్జి అరవిందుడికి ఐ.సి.ఎస్. పోయింది గుర్రపుస్వారీ పరీక్ష దగ్గరే!) 1916లో జాతీయ జెండా ఎలా ఉండాలో ముప్ఫై నమూనాలతో ఒక పుస్తకం వేశాడు. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాల్లో గాంధీగారికి ఒక జెండా గీసిచ్చి జెండా వెంకయ్య అయ్యాడు. మూడు బిరుదులూ జనం ఇచ్చినవే.

బొమ్మలు నేర్పడానికి 1920లలో బెంగాలు నుంచి ప్రమోద్ కుమార్ ఛటర్జీ వచ్చాడు. కలకత్తా ఆర్టు స్కూల్లో చదివాడు గానీ, ఆయన అసలు చదువు హిమాలయాల్లో, టిబెట్లో సాధువుల వెంట తిరిగిన ఏళ్ళు. ఆయన దగ్గర కుంచె పట్టినవాళ్ళలో అడివి బాపిరాజు ఒకడు. బాపిరాజు అప్పటికే రాజమండ్రిలో కూల్డ్రే దొరగారి శిష్యుడు, బి.ఏ. మద్రాసు వెళ్ళి బి.ఎల్. చేసి, ప్లీడరీ వెలగబెట్టి, వదిలేసి, 1935లో ఇదే కళాశాలకి ప్రిన్సిపాలయ్యాడు, నాలుగేళ్ళు చేశాడు. విశ్వనాథ సత్యనారాయణ కూడా అక్కడ కొంతకాలం తెలుగు చెప్పాడు.

ఇంతవరకూ విన్న కుర్రాడు పెరుగన్నం కలుపుకుంటూ అడిగాడు: "అన్నా, అంతా బానే ఉంది. అక్కడ చదివినవాళ్ళకి ఉద్యోగాలొచ్చేవా?"

ఇన్నేళ్ళుగా ఈ కథ చెప్పుకుంటున్నా గానీ, ఈ ప్రశ్న నేనెప్పుడూ వేసుకోలేదు. ఆ కళాశాల కాయితానికి సర్కారు దగ్గర విలువ లేదు. లేకపోవడమే దాని ఉద్దేశం. హనుమంతరావు గారి త్యాగం చిన్నది కాదు. కానీ చింపడానికి ఆయన చేతిలో ఒక సన్నదుంది. చింపినా చదివిన ఎం.ఏ. ఎక్కడికీ పోదు. పట్టాభి గారికి స్టెతస్కోపుంది, బాపిరాజు గారికి బి.ఎల్. ఉంది. పల్లెటూరి నుంచి వచ్చి ఆ గేటులో అడుగుపెట్టిన పదహారేళ్ళ పిల్లాడికి చింపడానికి ఏముంది? అతను చదివింది నేతో, బొమ్మలో, దేశభక్తో కావచ్చు, రేపు ఊళ్ళో ఎవరైనా "ఏం పాసయ్యావురా?" అంటే చూపించేదేమీ లేదు. గుర్తింపు వద్దనే ధైర్యం అది ముందే ఉన్నవాడికి వచ్చినంత తేలిగ్గా లేనివాడికి రాదు. పెద్దల మీద గౌరవంతోనే ఈ మాట అంటున్నాను. మా ఊళ్ళో అంటే ఒప్పుకోరు. విశ్వనాథ అంతటివాడు కూడా తర్వాత ఎం.ఏ. కట్టి, గుర్తింపున్న కాలేజీల్లో లెక్చరరుగా పనిచేశాడు.

అలాగని వాళ్ళు చేసింది దండగా అంటే, అదీ అనలేను. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నవలల పోటీ పెట్టింది. బహుమతి ఇద్దరికి సగం సగం పంచారు, వేయిపడగలుకీ, నారాయణరావుకీ. ఒకరు గుర్తింపు లేని ఆ కళాశాలలో పాఠం చెప్పినాయన, ఇంకొకరు అక్కడ బొమ్మలు నేర్చుకున్నాయన. 

ఈ సంగతి కూడా చెబితే కుర్రాడు నవ్వి, "అయితే వెంకయ్య గారి అనుభవాన్ని మూడేళ్ళకి ఒకటి చొప్పున లెక్కేస్తే ఎన్ని డిగ్రీలొస్తాయన్నా?" అన్నాడు. ఇద్దరం కాసేపు నిజంగానే లెక్కేశాం. యుద్ధం ఏ సబ్జెక్టు కిందకొస్తుందో తేలక ఆపేశాం. ఈలోగా వాడికి ఫోనొచ్చింది. లాయరు ఆఫీసు వాళ్ళకి ఇంటర్మీడియట్ మార్కుల షీటు కూడా కావాలిట.