మార్కులడగని కాలేజీ

బల్కంపేట ఎల్లమ్మ గుడి దగ్గర బయల్దేరి అమీర్‌పేట మైత్రివనం చేరేలోగా చదువు చెబుతామనే బోర్డులు కళ్లు పట్టనన్ని కనిపిస్తాయి. ఆ కోచింగ్ సెంటర్లలో డిగ్రీలో ఎన్ని మార్కులొచ్చాయని ఎవరూ అడగరు. బ్యాక్‌లాగులు మిగిలిపోయిన ఇంజనీరింగ్ కుర్రాడూ, బీకామ్ చేసిన అమ్మాయీ ఒకే బెంచీ మీద కూర్చుని జావా నేర్చుకుంటారు. ఫీజు కడితే చాలు. ఇంకో రకం వాకిలి పంజాగుట్ట పక్కన సోమాజిగూడలో ఉండేది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982 ఆగస్టులో పుట్టి, కొన్నేళ్లు అక్కడి నుంచి నడిచింది. బడి మొహం చూడనివాళ్లు కూడా ఒక అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు కల్పించింది. 1991లో దానికి అంబేడ్కర్ పేరు పెట్టారు. గత చదువు అడక్కుండా చేర్చుకునే పద్ధతి మనకు ఇలా బజారులోనూ దొరికింది, సర్కారు దగ్గరా దొరికింది. ఈ రెంటికీ నూరేళ్ల ముందే తెలుగునాట ఒక మతసంస్థ ఆ పని చేసింది. ఆ కథ చెప్పేవాళ్లంతా మిషనరీ దొరగారు దయతలచి తలుపు తీశారనే చెబుతారు. కాస్త దగ్గరగా చూస్తే, తలుపు తోసింది బయట నిలబడ్డవాళ్లేనని తెలుస్తుంది.

మొదట చెప్పిన ఎల్లమ్మ కథలో పైకులం రేణుక తలా మాదిగ మాతంగి మొండెమూ కలిసి ఒక దేవత అయిందని చెబుతారు. కథలో అంత సులువుగా కలిసిపోయిన రెండు కులాలు ఒంగోలు బడిలో ఒక్క ఏడాది కూడా పక్కపక్కన కూర్చోలేకపోయాయి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు వచ్చింది 1866లో. నెల్లూరు సీమలో ఆ మిషన్ అప్పటికి ఏళ్లతరబడి ఎదుగూబొదుగూ లేకుండా ఉంది. 1853లో దాన్ని మూసేద్దామా అనే చర్చ కూడా అమెరికాలో జరిగింది. క్లౌ చూపు మొదట పైకులాల మీదే. ఆయన బడికి వాళ్ల పిల్లలు వచ్చారు కూడా. ఈలోగా పడమటి పల్లెల నుంచి యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తనంతట తాను మిషన్‌ను వెతుక్కుంటూ వచ్చాడు. తోళ్ల వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు క్రైస్తవ బోధ విన్నాడు. అంతకుముందే ఒక స్త్రీ గురువు దగ్గర యోగం నేర్చుకున్నవాడు. పేరయ్య వెంట అతని చుట్టాలు, వాళ్ల వెంట వాళ్ల ఊళ్లు కదిలాయి. మాదిగలను కలుపుకుంటే మా పిల్లల్ని మాన్పిస్తామని పైకులాలవాళ్లు అన్నారు, అన్నట్టే మాన్పించారు. ఆ దిగులులో క్లౌ, ఆయన భార్య విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే చోటు కనబడిందని ఆయన ఆత్మకథ చెబుతుంది. నమ్మేవాళ్లకు అది దైవసంకేతం. వాళ్ల నమ్మకం వాళ్లది. కాకపోతే వాళ్లు ఆ పుట తెరిచేసరికే మాదిగలు వచ్చేశారు, పైకులాలు వెళ్లిపోయాయి. మిషనరీ చేయగలిగింది జరిగినదానికి ఒప్పుకోవడమే.

రామాయపట్నం సెమినరీ పుట్టింది ఆ ఒప్పుకోలు నుంచే. పల్లెపల్లెలో సంఘాలు లేస్తున్నాయి. వాటికి బోధకులు కావాలి, పంతుళ్లు కావాలి. అక్షరం వచ్చిన పైకులాలవాళ్లు మాదిగ పల్లెలో అడుగుపెట్టరు, మాదిగ పల్లెలో అక్షరం వచ్చినవాళ్లు లేరు. ఉన్నవాళ్లకే నేర్పాలి, వేరే దారి లేదు. 1872లో సముద్రపు ఒడ్డున మొదలైన ఆ సెమినరీకి చెప్పులు కుట్టిన చేతులే వచ్చాయి. వేదాంతానికి ముందు చదవడం, రాయడం నేర్పాల్సి వచ్చింది. ఇవాళ రామాయపట్నం అంటే 2022లో శంకుస్థాపన జరిగిన పోర్టే అందరికీ గుర్తు. ఆ తీరాన మాదిగ ఆలుమగలు కలిసి చదువుకున్న సంగతి గుర్తున్నవాళ్లు తక్కువ. అవును, భార్యలు కూడా చదివారు. పంతులు భార్యకు చదువు రాకపోతే పల్లెలో ఆడపిల్లలకు ఎవరు చెబుతారన్నది అక్కడి లెక్క. మార్కులడగకపోవడం ఇక్కడ ఆదర్శం కంటే ఎక్కువగా అవసరం. అయితే చేరాక మోయాల్సిన బరువు తక్కువది కాదు. క్లౌ మిషన్‌లో మూడు నిబంధనలుండేవి: ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. వినడానికి ఇవి పూజాపునస్కారాల సంగతుల్లా ఉంటాయి. వెట్టిచాకిరీ మీద నడిచే ఊళ్లో మాదిగ వారానికొక రోజు పనికి రానంటే, జాతరకు డప్పు కొట్టనంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. సెమినరీ నుంచి వెళ్లిన పంతులు ఆ గొడవ నడుమ బతకాలి.

అదే కాలంలో అదే శాఖ క్రైస్తవులు సముద్రం అవతల, తమ దేశంలో, మరో జనం కోసం ఇదే పని చేస్తున్నారు. అమెరికాలో బానిసత్వం 1865లో రద్దయింది. 1867లో జార్జియా రాష్ట్రం అగస్టాలో నల్లవారి స్ప్రింగ్‌ఫీల్డ్ బాప్టిస్టు చర్చి నేలమాళిగలో ఒక బడి మొదలైంది. అదే నేటి మోర్‌హౌస్ కాలేజీ. 1881లో అట్లాంటాలో ఇంకో నల్ల చర్చి నేలమాళిగలో ఆడవాళ్ల కోసం పెట్టినది స్పెల్‌మన్ కాలేజీ అయింది. అక్కడా అదే క్రమం: చర్చి ముందు, జనం ముందు, కాలేజీ తర్వాత. రామాయపట్నం మొదలైన 1872లోనే బుకర్ టి. వాషింగ్టన్ అనే నల్లజాతి కుర్రాడు వందల మైళ్లు ప్రయాణం చేసి, చాలా దూరం కాలినడకనే, హాంప్టన్ విద్యాలయానికి చేరాడు. అక్కడ అతనికి పెట్టిన ప్రవేశ పరీక్ష ఒక గది ఊడ్చడం. మూడుసార్లు ఊడ్చి, నాలుగుసార్లు దుమ్ము తుడిచి సీటు సంపాదించానని ఆయన గర్వంగానే రాసుకున్నాడు. మనకు మాత్రం ఆ చోట చదువు ఆగిపోతుంది. తరతరాలుగా ఊడ్చినవాడికి ఊడ్చడంలో పరీక్ష పెట్టడమేమిటి? తలుపు తెరిచే చేతిలో చీపురు కూడా ఉండొచ్చని ఆ సంఘటన చెబుతుంది. నల్లజాతి మేధావి డుబోయిస్ తర్వాతి కాలంలో బుకర్ వాషింగ్టన్‌తో గొడవపడింది సరిగ్గా ఇక్కడే: చేతిపని చదువుతో సరిపెట్టుకోవాలా, లాటిన్ కూడా అడగాలా అని.

అన్నం పెట్టి మతం మార్చారు, చదువు ఎర మాత్రమే అని మన దగ్గర చాలామంది అంటారు. ఈ మాటను తేలిగ్గా తీసేయడానికి లేదు. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు, సెమినరీ చదివిన బోధకులే అక్కడ మేస్త్రీలుగా నిలబడ్డారు. ఆ కరువు అయిపోయాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అయితే కరువు నడిచినంత కాలం ఏడాదికి పైగా క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు, కూలి కోసం వచ్చారన్న మాట పడకూడదని. ఎర వేసేవాడు చేపలు మూగిన వేళ గాలం పక్కన పెట్టడు. కరువులో ఆదుకున్నవాళ్ల మీద నమ్మకం కుదిరిందనడం నిజమే. దాన్ని లంచం అంటే, కరువులో ఆదుకోని గ్రామపెద్దల మతాన్ని ఏమనాలో కూడా చెప్పాలి. మతమార్పిడితో సంబంధం లేకుండా ఇదే పని జరిగిన ఉదాహరణ హైదరాబాద్‌లోనే ఉంది. దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ 1910లో ఇసామియా బజార్‌లో బడి తెరిచాడు. అక్కడా దారి తీసింది బయటున్న మనిషే.

ఎవర్ని పడితే వాళ్లను చేర్చుకుంటే ప్రమాణాలు పడిపోతాయన్నది చదువుకున్నవాళ్ల నోట ఎక్కువగా వినపడే మాట. మార్టిన్ లూథర్ కింగ్ 1944లో 15 ఏళ్ల వయసులో మోర్‌హౌస్‌లో చేరాడు. యుద్ధం వల్ల విద్యార్థులు తగ్గి, హైస్కూలు పూర్తికానివాళ్లను కూడా పరీక్ష పెట్టి తీసుకున్న కాలమది. చేరేనాటికి తన చదివే శక్తి ఎనిమిదో తరగతి స్థాయిలోనే ఉందని ఆయనే చెప్పుకున్నాడు. నాలుగేళ్లలో డిగ్రీ తీసుకున్నాడు. ఒక మహానుభావుణ్ని చూపించి పద్ధతిని సమర్థించడం సరికాదని నాకూ తెలుసు. అలాంటి గదుల్లో మధ్యలో మానేసినవాళ్లు వేలల్లో ఉంటారు. కానీ మానేసినవాళ్ల లెక్కతో కాలేజీని కొలవడంలో ఒక మెలిక ఉంది. గేటు దగ్గరే వడపోసే కాలేజీకి ఆ లెక్క ఎప్పుడూ బాగానే వస్తుంది, ఎందుకంటే మానేసేలా ఉన్నవాళ్లను అది చేర్చుకోనే లేదు. అట్లాంటాలో నల్లవారి సొంత మెథడిస్టు చర్చి 1881లో పెట్టిన మోరిస్ బ్రౌన్ కాలేజీ అప్పుల్లో కూరుకుపోయి 2002లో గుర్తింపు పోగొట్టుకుంది. విద్యార్థులు పదుల్లోకి పడిపోయారు. ఇరవయ్యేళ్లు మూతపడకుండా నెట్టుకొచ్చి 2022లో మళ్లీ గుర్తింపు తెచ్చుకుంది. దాన్ని బతికించింది పూర్వ విద్యార్థులూ చర్చీ. ఫీజుతో మొదలై ఫీజుతో ముగిసే కోచింగ్ సెంటరుకు అలాంటి చుట్టాలు ఉండరు. అద్దె కట్టలేకపోతే బోర్డు దిగిపోతుంది.

ఇలా విడిగా కాలేజీలు పెట్టడం వెలివేతను శాశ్వతం చేయడమే కదా అనే ప్రశ్న ఈ మూడు అభ్యంతరాల్లో బరువైనది. నిజానికి వెలి పాటించింది ఈ కాలేజీలు కావు. ఒంగోలు బడిలో లేచి వెళ్లింది మాదిగలు కాదు. అమెరికాలో నల్లవారి కాలేజీలని చట్టం గుర్తించేవి 1964కు ముందు పుట్టినవి. వాటిలో చాలావాటికి తెల్లవారు రాకూడదన్న నియమం ఎన్నడూ లేదు. మన దగ్గర వెలి ఇంకో దారిన, కాగితం మీద, తిరిగొచ్చింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితులు షెడ్యూల్డు కులాల జాబితాలోకి రారు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ తలుపు తెరిచారు, క్రైస్తవులకు తెరవలేదు. తెలుగు రాష్ట్రాల్లో వాళ్లకు దక్కింది బీసీ-సీ కింద ఒక్క శాతం. గుండ్లకమ్మలో మునిగినవాళ్ల వారసులు చర్చి రిజిస్టరులో ఒక పేరుతో, కులం సర్టిఫికెట్ మీద మరో పేరుతో బతకాల్సిరావడానికి కారణమిదే.

ఇక సెమినరీల సంగతికొస్తే, 1964లో లూథరన్, బాప్టిస్టు, ఇతర సంఘాల సెమినరీలు రాజమండ్రిలో కలిసి ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల అయ్యాయి. 1973లో అది హైదరాబాద్‌కు తరలి, లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర స్థిరపడింది. పట్టాలు సెరంపూర్ విశ్వవిద్యాలయం పేరు మీద వస్తాయి, చేరడానికి ముందు చదువు ఉండాలి, పరీక్ష ఉండాలి. పేరయ్య తరం ఇవాళ వస్తే ఆ గేటు దాటలేదు. దీన్ని పతనం అనలేం, ఎదుగుదల అని ఊరుకోనూలేం. మాదిగ పల్లెల నుంచి డిగ్రీలు చేసినవాళ్లు వస్తున్నారు కాబట్టే డిగ్రీ అడిగే స్థితి వచ్చింది. రామాయపట్నంలో అక్షరాలు దిద్దిన దంపతులు ఆ పల్లెల్లో పెట్టిన బడులు లేకుంటే, ఈ గేటు దగ్గర చూపించడానికి ఎవరి చేతిలోనూ సర్టిఫికెట్ ఉండేది కాదు.