శస్త్రచికిత్స - అధికపీడన ఆమ్లజని

గోలీసోడా బుడ్డిలోని గోలీని వ్రేలితో లోనికి నొక్కగానే సోడా బుసబుస పొంగును. అంతవరకు కంటికి కనబడక నీటిలో కరగియున్న బొగ్గుపులుసు వాయువు, పైనున్న ఒత్తిడి తొలగగానే బుడగలుగా వెలువడుటయే దీనికి కారణము. ద్రవముపై ఒక వాయువుయొక్క పీడనము ఎంత హెచ్చునో, ఆ వాయువు ద్రవములో అంత ఎక్కువగా కరగును. ఈ సూత్రమును మాంచెస్టరు నగరవాసియగు విలియం హెన్రీ 1803లో ప్రకటించెను. పాఠశాలలో చదువుకొను ఈ చిన్న సూత్రము, నూటయేబది సంవత్సరముల తరువాత శస్త్రవైద్యునికి ఎట్లు తోడుపడినదో తెలిసికొనుట ఆసక్తికరముగా నుండును.

మన రక్తము ఆమ్లజనిని, అనగా ఆక్సిజన్‌ను, రెండు విధములుగా మోయుచున్నది. ఎఱ్ఱకణములలోని హెమోగ్లోబిన్‌తో కలసి పోవునది మొదటిది. రక్తరసములో కరగి పోవునది రెండవది. మామూలు గాలి పీల్చునపుడు 100 మిల్లీలీటర్ల ధమనీరక్తములో హెమోగ్లోబిన్ మోయునది సుమారు 20 మి.లీ. ఉండగా, కరగియుండునది 0.3 మి.లీ. మాత్రమే. హెమోగ్లోబిన్ అప్పటికే దాదాపు నిండియుండును గనుక అది ఇంకను మోయజాలదు. కాని కరగు భాగమును పెంచవచ్చును. గాలికి బదులు శుద్ధమైన ఆమ్లజనిని పీల్చిన అది సుమారు 2 మి.లీ. అగును. వాతావరణ పీడనమునకు మూడు రెట్లు పీడనముగల గదిలో కూర్చుండి పీల్చినచో 6 మి.లీ. వరకు హెచ్చును. విశ్రాంతిగానున్న శరీరము ప్రతి 100 మి.లీ. రక్తమునుండి గ్రహించు ఆమ్లజని ఇంచుమించు 5 మి.లీ. కనుక, లెక్క ప్రకారము, ఎఱ్ఱకణముల సాయము లేకున్నను కొంతసేపు ప్రాణము నిలువవలెను! ఈ లెక్క నిజమగునా?

తొలి ప్రయత్నములు

ఈ ప్రశ్నకు సమాధానము దొరకుటకు చాలకాలము పట్టినది. విచిత్రమేమనగా, ఆమ్లజని అను వాయువు కలదని తెలియకమునుపే పీడనపు గదిని గూర్చిన ఆలోచన పుట్టినది. 1662లో హెన్షా అను ఆంగ్ల వైద్యుడు, కొలిమితిత్తులతో గాలిని ఎక్కించుటకు గాని తీసివేయుటకు గాని వీలైన ఒక గదిని రోగులకొరకు సూచించెను. ప్రీస్ట్లీ ఆమ్లజనిని వేరుపరచినది అటుతరువాత నూటపండ్రెండేండ్లకు, 1774లో.

శస్త్రచికిత్సకును పీడనపు గదికిని సంబంధము కల్పించినవారు ఫ్రెంచివారు. ఆనాడు మత్తుకొరకు నైట్రస్ ఆక్సైడును వాడుచుండిరి. అయితే మామూలు పీడనమున గాఢమైన మత్తు కలుగవలెనన్న ఆ వాయువునే దాదాపు శుద్ధముగా ఇయ్యవలసివచ్చును. అప్పుడు రోగికి ఊపిరాడదు. పాల్ బెర్ అను శరీరధర్మ శాస్త్రజ్ఞుడు దీనికొక ఉపాయము చెప్పెను. గదిలో పీడనమును పెంచినచో, మత్తువాయువుతోపాటు చాలినంత ఆమ్లజనిని కూడ కలిపి ఇయ్యవచ్చును. దీని ననుసరించి ఫొంతేన్ అను శస్త్రవైద్యుడు 1879లో చక్రములపై నడచు పీడనపు గదిని నిర్మింపజేసెను. అందులో 20కి పైగా శస్త్రచికిత్సలు జరిగినవి.

ఆ పాల్ బెర్ మహాశయుడే ఒక హెచ్చరికను కూడ చేసియుండెను. 1878లో ప్రకటించిన తన గ్రంథములో, అధిక పీడనమున ఆమ్లజని విషమువలె పనిచేసి మూర్ఛలు తెప్పించునని ప్రయోగపూర్వకముగా చూపెను. నేటికిని వైద్యులు సాధారణముగా మూడురెట్ల పీడనమును మించకుండుటకు ఇదియే ముఖ్యకారణము.

ఉక్కు గోళము

శాస్త్రము ఇంత జాగ్రత్తగా నడచుచుండగా, అమెరికాలో ఒక విపరీతము జరిగినది. కన్సాస్ నగరమునందలి కన్నింగ్‌హామ్ అను వైద్యుడు 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా రోగులను పీడనపు గాలిలో ఉంచి, కొందరు కోలుకొనుట చూచెను. పిమ్మట సిఫిలిస్, మధుమేహము, కాన్సరు మున్నగువాటికి కూడ ఈ చికిత్సయే తగునని తలచెను. 1928లో ఒక ధనికుని విరాళముతో క్లీవ్‌లండు నగరమున 64 అడుగుల వ్యాసముగల ఉక్కు గోళమును కట్టించిరి. అది ఐదంతస్తుల ఆసుపత్రి! కాని అందు వాడినది ఒత్తిడి పెంచిన గాలియే గాని శుద్ధమైన ఆమ్లజని కాదు. అమెరికా వైద్యసంఘమువారు నిదర్శనములు చూపుమని కోరగా, కన్నింగ్‌హామ్ తృప్తికరమైనవి చూపలేకపోయెను. కొన్ని సంవత్సరములకే ఆసుపత్రి మూతపడెను. 1942లో ఆ ఉక్కును యుద్ధావసరములకై విరిచివేసిరి.

రక్తకణములు లేని జీవనము

ఈ అపఖ్యాతినుండి పీడనపు గదిని తప్పించినవాడు హాలండు దేశపు శస్త్రవైద్యుడు ఈటె బూరెమా. గుండెను తెరచి చికిత్స చేయుటకు రక్తప్రసారమును ఆపవలెను. అయితే మూడు నాలుగు నిమిషములకు మించి రక్తము అందకున్న మెదడు చెడును. అంతకుముందే రోగి శరీరమున అదనపు ఆమ్లజనిని నింపియుంచిన ఈ గడువు పెరుగునా అని బూరెమా ఆలోచించెను. డచ్చి నౌకాదళమువారి సహాయముతో జంతువులపై ప్రయోగములుచేసి, ఫలితములను 1956లో ప్రకటించెను. 1959లో ఆమ్‌స్టర్‌డామ్ నగరమున శస్త్రవైద్యులు, నర్సులు, రోగి అందరును పట్టునంత పీడనపు గది సిద్ధమైనది.

అక్కడ జరిగిన ఒక ప్రయోగము ప్రపంచమును ఆశ్చర్యపరచెను. పందిపిల్లల రక్తమును తీసివేసి, దానికి బదులు ఎఱ్ఱకణములు దాదాపు లేని ద్రవమును ఎక్కించి, మూడురెట్ల పీడనమున ఆమ్లజనిని పీల్పించిరి. అవి బ్రతికియుండెను. రక్తమును తిరిగి ఎక్కించిన పిమ్మట కోలుకొనెను. హెన్రీ సూత్రమునుబట్టి వేసిన లెక్క నిజమైనది.

బూరెమా సహచరుడగు బ్రుమ్మెల్‌కాంప్ గ్యాస్ గాంగ్రీన్ అను ఘోరవ్యాధిపై దృష్టి నిలిపెను. గాయములలో చేరు దీని క్రిములు ఆమ్లజని లేనిచోటనే వర్ధిల్లును. వెనుక, రోగి ప్రాణము కాపాడుటకు కాలునో చేతినో వెంటనే తీసివేయుచుండిరి. ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు మొదట మూడు దినములలో ఏడు పర్యాయములు అధికపీడన ఆమ్లజనిని ఇచ్చిరి. విషము పుట్టుట ఆగి, చచ్చిన మాంసమేదో బ్రతికిన మాంసమేదో స్పష్టపడెను. అప్పుడు కత్తి పట్టిన శస్త్రవైద్యుడు తీసివేయవలసినంతయే తీసివేయగలిగెను. శస్త్రచికిత్సకు రోగిని సిద్ధపరచుటలో ఈ చికిత్స విలువ 1961 నాటికే ఈ విధముగా వెల్లడియైనది.

అయితే బూరెమా మొదట ఉద్దేశించిన ప్రయోజనము నిలువలేదు. గుండెకును ఊపిరితిత్తులకును బదులుగా పనిచేయు యంత్రముతో గిబ్బన్ 1953లోనే ఒక రోగికి విజయవంతముగా చికిత్స చేసియుండెను. ఆ యంత్రము బాగుపడిన కొలది, గుండె చికిత్సకు పీడనపు గది అవసరము తగ్గిపోయినది.

గాయము మానుట

పీడనపు గది మరల శస్త్రవైద్యుల దృష్టికి వచ్చినది గాయములు మానునట్లు చేయుటకు. గాయము మానవలెనన్న ఆమ్లజని కావలెను. క్రిములను చంపు తెల్లకణములకును, గాయమును పూడ్చు కొల్లాజెన్ అను పోగు బలపడుటకును అది అవసరము. కాన్సరుకై వికిరణచికిత్స పొందిన దవడ ఎముకలో సన్నని రక్తనాళములు నశించియుండును. అట్టిచోట పన్ను తీసిన, గాయము మానక ఎముకయే కుళ్లిపోవచ్చును. అమెరికాలో మార్క్స్ అను శస్త్రవైద్యుడు, పన్ను తీయుటకు ముందు 20 పర్యాయములు, తరువాత 10 పర్యాయములు అధికపీడన ఆమ్లజనిని ఇచ్చు పద్ధతిని ఏర్పరచెను. 1985లో ప్రకటించిన ఫలితములు ఇవి: పెన్సిలిన్ మాత్రమే పొందిన 37 మందిలో 11 మందికి ఎముక చెడినది, ఆమ్లజని పొందిన 37 మందిలో ఇద్దరికే చెడినది. ఈ పద్ధతి అనేక దేశములలో వ్యాపించెను.

కథ అంతటితో ముగియలేదు. 2004లో ఫ్రాన్సు వైద్యులు, దవడ ఎముక అప్పటికే చెడిన 68 మందిని చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విభజించి పరీక్షించిన ఫలితములను ప్రకటించిరి. రెండవ జట్టువారిని కూడ అదే గదిలో, అదే పీడనమున కూర్చుండబెట్టిరి. కాని ఆమ్లజని 9 వంతులు, నత్రజని 91 వంతులు గల గాలిని ఇచ్చిరి. పీడనము రెండున్నర రెట్లకు చేరువగా నున్నందున వారికి అందినది మామూలు గాలిలో అందునంత ఆమ్లజనియే. తాము పొందునది ఏదో రోగులకు తెలియదు. తుదకు ఆమ్లజని పొందిన 31 మందిలో 6గురు, పొందని 37 మందిలో 12 మంది కోలుకొనిరి! 2019లో ప్రకటింపబడిన బ్రిటిషు పరీక్షలో, దంతచికిత్స తరువాత ఎముక చెడినవారు ఆమ్లజని పొందిన జట్టులో నూటికి 6.4, పొందని జట్టులో 5.7. అనగా చెప్పుకోదగిన భేదము లేదు. చికిత్స లేకున్నను ప్రమాదము మునుపటికంటె చాల తగ్గియుండుట కూడ ఇందు గమనింపదగినది.

అదే 2019లో నార్డిక్ దేశముల వైద్యులు, వికిరణమువలన మూత్రాశయము దెబ్బతిన్న 79 మందిని పరీక్షించి, ఈ చికిత్సవలన బాధలు తగ్గుచున్నవని ప్రకటించిరి. కనుక చికిత్స వ్యర్థమని గాని, సర్వరోగ నివారిణి యని గాని చెప్పరాదు. గ్యాస్ గాంగ్రీన్‌లో శస్త్రచికిత్సకు తోడుగాను, అతికించిన చర్మము నల్లబడుచున్నపుడును, మానని కొన్ని మధుమేహపు పుండ్లకును నేడు దీనిని వాడుచున్నారు. ఒక్కొక్క పర్యాయము సుమారు గంటన్నర పట్టును. చెవులలో నొప్పి, మూర్ఛ, అగ్నిప్రమాదము అను భయములున్నందున నిపుణుల పర్యవేక్షణ తప్పనిసరి.

కన్నింగ్‌హామ్ రోగులలో కొందరు కోలుకొన్నమాట నిజమే. కాని చికిత్స లేకున్న వారు ఏమగుదురో ఆయన సరిచూడలేదు. మార్క్స్ సరిచూచెను, ఆయన లెక్కను మరికొందరు తిరిగి సరిచూచిరి. పందిపిల్లల విషయమున లెక్క నిజమైనది; దవడ ఎముక విషయమున ఆశించినంత నిజము కాలేదు. గదిలో కూర్చుండు రోగికి ఈ రెండు సంగతులును సమానముగా ముఖ్యమైనవే.