వచ్చే జన్మకు వాయిదా

1980వ దశకంలో మనం జరిపిన సాహిత్య సభల్లో ‘క్షుద్రసాహిత్యం’ అనే మాట వినిపించని సభ అరుదు. తీర్మానాలు చేశాం. వ్యాసాలు రాశాం. పాఠకుల అభిరుచి దిగజారిపోతున్నదని విచారం వెలిబుచ్చాం. తిడుతున్న పుస్తకాలను మనలో ఎందరం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివామన్న ప్రశ్న మాత్రం ఏ వేదిక మీదా ఎవరూ లేవనెత్తలేదు. ఆ ప్రశ్న నాకు చాలా ఏళ్ళ తర్వాత, వేదిక లేని చోట ఎదురయింది.

నెల్లూరుకు తూర్పున, వరి మడులూ రొయ్యల గుంటలూ దాటి సముద్రం వైపు పోయే దారిలో తోటపల్లి గూడూరు ఉంది. అక్కడ మిషను కుట్టి పిల్లలను పెద్ద చేసిన ఒకావిడ నాకు చాలాకాలంగా తెలుసు. ఒకప్పుడు నెల్లూరు ట్రంకురోడ్డు పక్క సందులో అద్దె పుస్తకాల కొట్టు నుంచి రోజుకు పావలా చొప్పున నవలలు తెచ్చుకుని, బస్సులో సగం, పొయ్యి దగ్గర సగం చదివిన మనిషి. నేనేదో మాటల సందర్భంలో ఆ నవలలను పలాయనవాదం అన్నాను. ఆమె కుట్టు ఆపి, “చదవకుండానే తిట్టినారు గదన్నా మీరంతా” అంది. జవాబు చెప్పలేకపోయాను.

పందెం అలా మొదలయింది. సంక్రాంతి నుంచి సంక్రాంతికి 12 పుస్తకాలు. ప్రతిదానిలో ప్రేమ ఉండాలి. దయ్యమో, మరుజన్మమో, కాలం దాటి పోవడమో ఉండాలి. పాతవైనా కొత్తవైనా సరే. నడిమి పేజీలు దాటెయ్యకూడదు, ఆఖరి పేజీ ముందుగా చూడకూడదు అని ఆమె షరతు పెట్టింది. నేను ఒక నోటుపుస్తకం పెట్టుకుని ప్రతి కథకూ రెండే విషయాలు రాసుకున్నాను: ఎవరికి ఎవరు దక్కలేదు? దక్కినప్పుడు వాళ్ళలో ఏం మారింది?

ఈ రెండో ప్రశ్న నన్ను 1980 నుంచి వెనక్కి, ఏడో శతాబ్దం దాకా లాక్కుపోయింది. ఇటువంటి కథలు పడమటి దేశాల నుంచి దిగుమతి అయిన సరుకని మనం తేలికగా అనేస్తుంటాం. బాణభట్టు ‘కాదంబరి’ని ఏమనాలి? ప్రియుడు చనిపోతాడు, ప్రియురాలు శవాన్ని కాచుకుని కూర్చుంటుంది, చనిపోయినవాడు ఇంకో జన్మలో రాజై, అతని స్నేహితుడు చిలుకై, ఒకరినొకరు గుర్తుపట్టరు. ఈనాటి ఏ ధారావాహిక రచయితకూ అంతకు మించిన ముడి తోచదు. ఆ చిలుకను బంగారు పంజరంలో శూద్రక మహారాజు కొలువుకు తెచ్చేది ఒక చండాల కన్య. ఆమె అందాన్ని బాణుడు పేజీలకు పేజీలు వర్ణిస్తాడు, అంటరానిదైపోయిందే అని వగస్తాడు. కథ చివరకు వచ్చేసరికి ఆమె చండాల కన్యే కాదని తేలుతుంది. సాక్షాత్తూ లక్ష్మీదేవి! జనం తాకిడి తప్పించుకోవడానికి ఆ కులం పేరు చెప్పుకున్నదట. అంటరానితనం ఊరి చివర ఉన్నవాళ్ళకు శిక్ష. దేవతకు అది ఏకాంతం కోసం వేసుకున్న ముసుగు. పుస్తకం మూసి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. ఇంత పెద్ద విషయం విద్యార్థి దశలో నాకెవరూ చెప్పలేదు. సమాసాల పొడుగు మాత్రం చెప్పారు.

16వ శతాబ్దంలో పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ రాశాడు. 1914లో కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారము’లో దాన్ని ఆకాశానికెత్తిన దగ్గర్నుంచి అది మన మొట్టమొదటి నవల వంటిదని చెప్పుకోవడం అలవాటయింది. కథా కల్పనలో సూరన అసాధ్యుడే. జరగబోయే కథను బ్రహ్మ సరస్వతికి ముందే చెప్పేస్తాడు. చెప్పిన కథ భూమి మీద జరిగి తీరాలి. అందులోని పాత్రలు తమ కథను తామే వినవలసి వస్తుంది. భవిష్యత్తు గతాన్ని నడిపిస్తుంది. కాలంతో ఆటలాడే కథ మనకు కొత్త కాదని చెప్పడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కర్లేదు.

కాని నా నోటుపుస్తకం అడిగేది వేరు. ఇందులో కలభాషిణి ద్వారక వేశ్య. చదువు, సంగీతం, తెలివి అన్నీ ఉన్నాయి. రంభ రూపం ధరించగల వరం కూడా ఉంది. రూపం మార్చుకోగలదు, పుట్టుక మార్చుకోలేదు. ఆమె రాజుకు భార్య కావాలంటే చావాలి. చచ్చి మధురలాలసగా, సామంతరాజు కూతురుగా పుట్టాలి. అప్పుడు పెళ్ళికి ఏ అడ్డూ లేదు. పసిబిడ్డగా ఉన్నప్పుడే పూర్వజన్మ వృత్తాంతం చెప్పగలిగిన మధురలాలస, వేశ్యగా తాను ఎందుకు భార్య కాలేకపోయిందో మాత్రం అడగదు. సూరనకు ఆ ప్రశ్న రాలేదని ఆయనను తప్పుపట్టడం లేదు. ఆ ప్రశ్న రాకుండా చెయ్యడానికే పునర్జన్మ అనే సాధనం పనికివచ్చిందంటున్నాను. సంఘం ఒక్క అంగుళం కదలనక్కర్లేదు. మనిషే చచ్చి, తగిన ఇంట్లో పుట్టి రావాలి.

మధిర సుబ్బన్న దీక్షితులు ‘కాశీమజిలీ కథలు’ 12 భాగాలలో రెండే చదివాను, మిగతావి చదివానని అబద్ధం చెప్పను. విశ్వనాథ సత్యనారాయణ ‘విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు’ ప్రేమకథ కాదు గనుక పందెంలోకి రాదు. కాని అందులో ఇంగ్లీషు నేర్చుకోవడానికి పరలోకం నుంచి దిగివచ్చే ఇద్దరిలో ఒకడు మన నెల్లూరి తిక్కనే. 13వ శతాబ్దపు మంత్రి 20వ శతాబ్దపు ఇంగ్లీషు ముందు కూర్చుని తికమకపడతాడు. సనాతనవాది రాసిన పుస్తకమే, నవ్వాను. నవ్వినంత మాత్రాన ఆయనతో ఏకీభవించినట్టు కాదని మిత్రులకు మనవి.

ఈ పాత ముడి 20వ శతాబ్దంలో జనసామాన్యం దగ్గరికి ఎలా చేరిందో తెలుసుకోవాలంటే పుస్తకం వదిలి ఒక సినిమా చూడాలి. 1964లో ఆదుర్తి సుబ్బారావు తీసిన ‘మూగమనసులు’. గోదావరి మీద పడవ నడిపే గోపి, ఆ పడవలో చదువుకు వెళ్ళే జమీందారు కూతురు రాధ. ఒకరి మీద ఒకరికి ఉన్నదానికి ఆ ఊళ్ళో పేరు లేదు. పేరు పెడితే కొంప మునుగుతుంది. చివరకు ఇద్దరూ గోదావరిలో మునుగుతారు. అదే ఏటి మీద ఒక కొత్తజంట వస్తుంది, వాళ్ళకు గతజన్మ గుర్తుకొస్తుంది. ఈ జన్మలో అతను పడవ నడిపేవాడు కాదు, పడవలో కూర్చుని పోయేవాడు. కలభాషిణి కథే! దీనికి మాటలు రాసినవాడు ఆచార్య ఆత్రేయ. అప్పటి నెల్లూరు జిల్లా సూళ్ళూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టి, ‘ఎన్.జి.ఓ.’ నాటకంలో గుమాస్తా బతుకును ఈ జన్మలోనే, ఈ నెల జీతంలోనే చూపించినవాడు. అదే కలం గోపికి వచ్చే జన్మ తప్ప దారి చూపలేకపోయింది. కలం మారలేదు; టిక్కెట్టు కొనేవాళ్ళలో జమీందారూ ఉన్నాడు, పడవవాడూ ఉన్నాడు, ఇద్దరూ ఏడవాలి, ఎవరికీ కోపం రాకూడదు.

ఇక 1980ల మాట. ఆ దశకం మొదట్లో ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో వచ్చిన యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ప్రేమకథ కాదు. నిబంధన ప్రకారం చెల్లదు. అయినా దాన్ని దాటి ఈ చరిత్ర రాయలేం. రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అని విమర్శ రాశారు. ఆ వివాదం కోర్టు దాకా పోయింది. ఆమె చేసిన పనిలో మనం గుర్తించనిది ఒకటుంది. ఆమె ఆ నవలను పూర్తిగా చదివి, ప్రతివాదన పుస్తకంగా రాశారు. మనం ఆమె పుస్తకం పేరు మాత్రం అరువు తెచ్చుకుని సభల్లో వాడుకున్నాం. చేతబడి చేశారన్న నెపంతో మనుషులను కొట్టి చంపుతున్న ప్రాంతంలో, చేతబడి నిజమేనేమో అనిపించే నవల హానికరమనడంలో ఆనాటి విమర్శకులు పొరబడలేదు. ఇప్పుడు చదివినా నా అభిప్రాయం అదే. ఒక చిన్నపిల్లకు రాబోయే డబ్బు చుట్టూ నడిచే కథ అది. డబ్బును గురించి రచయితకు తెలిసినంత స్పష్టంగా భయాన్ని గురించి తెలియనివ్వకుండా, రెండు వైపులా తలుపులు తెరిచి ఉంచాడు.

కాని ‘తులసిదళం’ వెనక వందలాదిగా వచ్చిన అనామక నవలల సంగతి వేరు. అద్దె కొట్లు మూతపడ్డాక ఆవిడ దగ్గర కొన్ని మిగిలిపోయాయి. నేను చదివినవాటిలో నాలుగింటికి అట్టల్లేవు, రచయిత ఎవరో తెలియదు. పాత బంగళా, పట్నం నుంచి వచ్చిన డాక్టరు, రాత్రిపూట తెల్లచీర. రచన నాసిరకం, సందేహం లేదు. అయితే నాలుగింటిలోనూ దయ్యం ఆడదే. నాలుగింటిలోనూ బతికి ఉండగా ఆమెకు నోరు లేదు. పనిమనిషో, పేదింటి కోడలో, యజమాని కొడుకు మోసం చేసిన పిల్లో. చచ్చాకనే మాట్లాడింది. చచ్చాకనే ఆ ఇంటి మగవాళ్ళు ఆమెకు భయపడ్డారు.

ఈ సంగతి చెబితే ఆవిడ ఆశ్చర్యపోలేదు. “పేరంటాలమ్మ కథ అంతే గదన్నా” అంది. అన్యాయంగా చచ్చిన ఆడదాన్ని పేరంటాలని గుడి కట్టి, పసుపు కుంకుమ పెట్టే ఆచారం నెల్లూరు, ప్రకాశం, గుంటూరు పల్లెల్లో ఎంత బలమైనదో మనకు తెలుసు. పేరంటాళ్ళ పాటల్లో స్త్రీల మూగవేదన ఉందని మనమే వ్యాసాలు రాశాం. అదే కథ న్యూస్‌ప్రింటు మీద అచ్చయి పావలాకు అద్దెకొస్తే ముక్కు మూసుకున్నాం. పాట జానపదం, నవల క్షుద్రం! ఇది మన వర్గదృష్టి కాదు, మన మధ్యతరగతి రుచి.

చివరి మూడు నెలలు కాలయాన కథలకు కేటాయించాను. హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన ‘టైమ్ మెషిన్’ను మనవాళ్ళు బాగానే చదివారు, పైన సుఖపడే జాతి, నేల కింద యంత్రాలు నడిపే జాతి అన్న కల్పన మనకు దగ్గరిది. తెలుగులో కాలయంత్రాన్ని ఇంటింటికీ పరిచయం చేసింది 1991 నాటి ‘ఆదిత్య 369’ సినిమా. దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు, ఆయనా నెల్లూరు జిల్లా బిడ్డే. నాయకుడు 1526 నాటి విజయనగరానికి పోతాడు. రాయలవారి కొలువు, కవులు, నాట్యం. సరదాగా ఉంటుంది, కాదనను. అదే 1991లో ఇంగ్లీషులో డయానా గాబల్డన్ ‘అవుట్‌లాండర్’ వచ్చింది. 1945 నాటి నర్సు 1743 నాటి స్కాట్లండుకు జారిపడి, అక్కడి యోధుణ్ణి ప్రేమిస్తుంది. ఆ తరహా ప్రేమనవలలకు అది పెద్ద మార్కెట్టు తెచ్చిపెట్టింది.

వాటికి 12 ఏళ్ళ ముందే, 1979లో, అమెరికా నల్లజాతి రచయిత్రి ఆక్టేవియా బట్లర్ ‘కిండ్రెడ్’ రాసింది. 1976లో బతుకుతున్న డేనా అనే నల్లజాతి యువతిని గతం లాగుతుంది. ఆమె దిగేది రాజు కొలువులో కాదు, మేరీలాండు బానిసల తోటలో. అక్కడ ఆమె కాపాడుతూ రావలసింది తోట యజమాని కొడుకును, ఎందుకంటే అతను ఆమెకు పూర్వీకుడు. అతను బతికి ఒక బానిస స్త్రీని చెరిస్తే తప్ప తాను పుట్టదు. ఆమెతోపాటు ఒకసారి ఆమె తెల్లజాతి భర్త కూడా వెనక్కి పోతాడు. ఇద్దరూ ఒకే కాలంలో దిగారు, ఇద్దరికీ ఒకే గతం దొరకలేదు.

ఆ నవల చదువుతూ తోటపల్లి గూడూరు వాడలో పుట్టిన పిల్ల కాలయంత్రం ఎక్కితే ఏమవుతుందని ఆలోచించాను. 1526లో ఆమెకు భువనవిజయం కనపడుతుందా? ఊరి పొలిమేర దాటనిస్తారా? మను‍మసిద్ధి నాటి నెల్లూరులో తిక్కన పద్యం ఆమె చెవిన పడేంత దగ్గరికి రానిస్తారా? గతంలో విహారం చెయ్యాలంటే గతంలో మనవాళ్ళకు ఇల్లుండాలి. తెలుగులో ఆ పిల్ల కాలయాన నవల నా కంటబడలేదు.

ఇక్కడ మా జిల్లా చరిత్ర ఒకటి చెప్పాలి. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలయింది. వాచకంలో తాగుబోతు భర్త వల్ల నలిగిపోయిన ఒక ఆడదాని కథ పాఠంగా ఉంది. కలిగిరి మండలం దూబగుంటలో రాత్రిబడి ఆడవాళ్ళు ఆ పాఠం చదివి, ఇది మన కథే అన్నారు. ఊళ్ళో సారాయి దుకాణం మూయించారు. 1992లో అది జిల్లా అంతా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాయి నిషేధం వచ్చింది. ఒక పేజీ పాఠం చేసిన పని అది. ఈ ఉదాహరణ నేను చాలా సభల్లో వాడాను, ప్రయోజనాత్మక సాహిత్యానికి నిదర్శనంగా, క్షుద్రసాహిత్యానికి ప్రత్యామ్నాయంగా.

అప్పుడు మా మిషను కుట్టే ఆవిడ తన ఊళ్ళో రాత్రిబడికి స్వచ్ఛందంగా పాఠం చెప్పింది. ఆ సంగతి ఈ పందెం పుణ్యమా అని ఇప్పుడే తెలిసింది. వాచకం అయిపోయాక ఎవరూ ఇంటికి పోయేవాళ్ళు కారట. “అక్కా, ఆ దయ్యం కథ మిగిలింది చదువు” అని లాంతరు దగ్గరికి జరిగేవాళ్ళట. సారాయి కొట్టు ముందు కూర్చున్న ఆడవాళ్ళూ వాళ్ళే, తెల్లచీర మాట్లాడే దాకా ఊపిరి బిగపట్టిన ఆడవాళ్ళూ వాళ్ళే. నేను రెండు గదుల్లో పెట్టి తాళం వేసుకున్నవి వాళ్ళకు ఒకే రాత్రి, ఒకే లాంతరు కింద నడిచాయి.

సంక్రాంతికి నోటుపుస్తకం ఆమెకిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది. రెండుచోట్ల నా అక్షరదోషాలు దిద్దింది. కలభాషిణి దగ్గర ఆగి, “ఈ పిల్ల బతికుండంగానే పెండ్లి జేస్తే ఆయనకేం పోయె?” అంది. సూరనను అంటున్నదో రాజును అంటున్నదో నేను అడగలేదు.

పందెం గెలిచావు పో అంటూ పెట్టెలోంచి ఇంకొకటి తీసి ఇచ్చింది. దానికీ అట్ట లేదు. మొదటి 16 పేజీలు లేవు. బస్సులో తెరిచాను, 17వ పేజీలో పనిమనిషి ఒకతె చీకట్లో బావిగట్టు మీద నిలబడి, లోపల దీపం ఆరిన గది వైపు చూస్తున్నది.